ఆర్డర్‌లో పేరు లేని అవ్వ

పలమనేరు నుంచి మా మేనత్త ఫోన్ చేసేసరికి నేను కౌంటర్ దగ్గర ఒక పెద్దాయనకు షుగరు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెబుతున్నాను. తిరుపతిలో ఒక మందుల షాపులో నా ఉద్యోగం. "అవ్వ పోయింది మ్మా," అంది అత్త. ఏడవలేదు. "పొద్దున పాలు పిండుకోనొచ్చి పిలిస్తే పలకలే. నువ్వు వస్తావా? మీయమ్మ ఏమన్నా అంటాదా?" నాకు పాతికేళ్ళు దగ్గర పడుతున్నాయి. ఇప్పటికీ మా నాయన వైపు వాళ్ళు నన్ను ఏదైనా అడగాలంటే మా అమ్మ ఒప్పుకుంటుందా అనే అడుగుతారు. పాపం, అలవాటైపోయింది. వాళ్ళకు కోర్టు అంత బాగా నేర్పించింది.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. నా చిన్నప్పుడే మా అమ్మానాయనలు విడిపోయారు. అమ్మ చిత్తూరులో ఉంటుంది. షాపు వెనక్కి పోయి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"పోయి రా," అంది అమ్మ. "ఆ ఇంట్లో నిజం మాట్లాడిందంటే ఆయమ్మ ఒక్కతే."

"నువ్వు రావా మా?"

"నేను ఏమని వచ్చేది? ఏం వరసని వచ్చేది?"

విడాకులు తీసుకున్న కోడలు అత్త చావుకు ఏ వరసన పోవాలో ఏ జడ్జీ రాయలేదు.

మా వైపు పెద్దవాళ్ళు పోతే, నెయ్యిలో తడిపిన గుడ్డ చుట్టిన పుల్లలు వెలిగించుకొని మనవళ్ళూ మనవరాళ్ళూ పాడె చుట్టూ తిరుగుతారు. మా నాయన రెండో పెళ్ళి పిల్లలకు చెరొక పుల్ల ఇచ్చి, ఆ పనులు చూస్తున్న పెద్దమనిషి నా ముందుకొచ్చి ఆగిపోయాడు. "ఈ పిల్ల ఎవురప్పా?" అన్నాడు గుంపును చూసి. మా నాయన నేలకేసి చూశాడు. మా అత్తే ముందుకొచ్చి, "ఆయమ్మ మనవరాలే. అందరికన్నా పెద్దది. దానికీ ఒగటి ఇయ్యి," అంది. నేను అవ్వకు మనవరాలినని నలుగురిలో ఒప్పుకొని నా చేతికి ఏదైనా ఇవ్వడం అదే మొదలు. అప్పటికి అవ్వ కళ్ళు మూసి ఉన్నాయి.

మా అవ్వ గొప్ప మనిషేమీ కాదు. ఆవుల్ని పెంచుకుంది, పాలు పోసింది, అరిచింది, కోడలితో పోట్లాడింది, అందరిలాగే. పొట్టిగా ఉండేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, పక్కన నేలమీద కూర్చునేది. ఆవు ఈనితే జున్ను వండి స్టీలు డబ్బాలో పెట్టుకొని ఎంత దూరమైనా మోసుకొచ్చేది. పలమనేరు నుంచి చిత్తూరు రావాలంటే మొగిలి ఘాటు దిగాలి. ఆ మలుపుల్లో అవ్వకు కడుపులో తిప్పేది. అందుకని బస్సెక్కేటప్పుడే ఒక నిమ్మకాయ చేతిలో పట్టుకొని, దిగేదాకా ముక్కు దగ్గర పెట్టుకునేది. దిగగానే ఆ కాయను నా చేతిలో పెట్టేది. అవ్వ వాసనంటే నాకు నిమ్మకాయ వాసన, దాని వెనకే పేడ, పచ్చిపాలు.

నాకు ఊహ తెలిసేసరికే ఇంట్లో గొడవలు. ఎందుకని మాత్రం నన్ను అడక్కండి. అమ్మ ఒక కథ చెబుతుంది, నాయన ఒక కథ చెబుతాడు, రెండూ నాకు కంఠతా వచ్చు. అమ్మ నన్ను తీసుకొని చిత్తూరులో పుట్టింటికి వచ్చేసింది. ఆ ఇంట్లో మా మేనమామ ఉన్నాడు. అమ్మ బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు వచ్చేలోపు నాకు తల దువ్వి, నూనె పెట్టి, జడ వేసి పోయేది. ఇంటికొచ్చేసరికి నిలబడే ఓపిక కూడా ఉండేది కాదు. కాబట్టి అమ్మ నన్ను తాకేదంటే ఆ జడ వేసేటప్పుడే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

కేసు చిత్తూరు కోర్టులో నడిచింది. పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్నది ఒక తగాదా. దాన్ని కస్టడీ అంటారు. పిల్ల తిండికీ చదువుకూ తండ్రి నెలనెలా ఏమివ్వాలన్నది ఇంకో తగాదా, దాన్ని మనోవర్తి అంటారు. పిల్ల ఎవరి దగ్గర లేదో వాళ్ళు ఎప్పుడు వచ్చి చూసుకోవాలన్నది మూడోది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదని జడ్జి ఇద్దరికీ విడమరచి చెప్పాడట. ఎవరు విన్నారు? "డబ్బు కట్టనోడికి పిల్లనెందుకు సూపించాల?" అని మా మామ. "పిల్లను సరిగా సూపించనోళ్ళకు డబ్బెందుకు కట్టాల?" అని మా నాయన. మధ్యలో నేను పలక పట్టుకొని కూర్చునేదాన్ని.

కేసు తేలేలోపు వేసవి సెలవుల్లో ఒక వారం నన్ను నాయన ఇంటికి పంపమని కోర్టు చెప్పింది. మామిడి సీజను కాబట్టి అమ్మ ఫ్యాక్టరీలో పగలూ రాత్రీ షిఫ్టులు చేస్తోంది. ఏడ్చుకుంటూ పంపింది. నేను మాత్రం సంతోషంగా పోయాను, ఎందుకు అబద్ధం చెప్పాలి? చిత్తూరు ఎండల నుంచి పలమనేరు పోతే ఒళ్ళంతా చల్లబడేది. అవ్వ నన్ను కొట్టంలోకి తీసుకుపోయి అప్పుడే ఈనిన ఆవును చూపించింది. "ఈ దూడ ఎవురిది అవ్వా, మనదేనా?" అన్నాను. "దూడ ఆవుదే మ్మా. మనం కట్టేసేవోళ్ళం, అంతే," అంది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

ఆ వారంలోనే అవ్వ ఒక పని చేసింది. మా ఇళ్ళల్లో పుట్టువెంట్రుకలు బేసి ఏట కొండమీద స్వామికి ఇవ్వాలి. మూడో ఏట ఇద్దామంటే అమ్మా నాయనా మాట్లాడుకోవడం లేదు. ఐదో ఏట ఇద్దామంటే కోర్టులో ఉన్నారు. నాకు ఏడో ఏడు నడుస్తోంది. స్వామికి బాకీ పడ్డ జుట్టు నా తలమీదే పెరుగుతోందని, దానివల్లే ఇంటికి ఇన్ని కష్టాలని అవ్వ నమ్మకం. మా మామకు ముందే కబురు పంపింది, నువ్వొచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకో నాయనా అని. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండా పుట్టువెంట్రుకలు తీయరు గదా. కేసు తేలేదాకా ఏ కార్యమూ లేదు పొమ్మన్నాడు మామ. అవ్వ ఊరుకోలేదు. నాయనకు కూడా చెప్పకుండా నన్ను తీసుకొని తిరుపతి బస్సెక్కింది.

కల్యాణకట్టలో మా వంతు వచ్చింది. అప్పుడు అవ్వకు చేతులాడలేదు. మామ లేడే! చుట్టూ చూసింది. మా వెనక ఒకాయన, భార్యా పిల్లలతో వచ్చినవాడు, తలపాగా తీసి భుజాన వేసుకొని నిలబడి ఉన్నాడు.

"నాయనా, నీకు అక్కసెల్లెండ్లు ఉండారా?" అని అడిగింది అవ్వ.

"ఉండారు అవ్వా. ఏమి?"

"వాళ్ళ పిల్లోళ్ళకు మామవే గదా. రోంతసేపు ఈ పిల్లకు గూడా మామవు కా. పుణ్యముంటాది."

ఆయన పెద్దగా నవ్వాడు. భార్య వైపు చూశాడు. ఆమె కూడా నవ్వి తల ఊపింది. పంచె సర్దుకొని, కాళ్ళు మడుచుకొని కూర్చొని, "రా మ్మా కోడలా," అని నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నా తల తడిపి కత్తి పెట్టేటప్పుడు నేను ఏడిస్తే నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. బయటికొచ్చాక, "మామనన్యాక ఏదో ఒగటి పెట్టాల గదా అవ్వా," అంటూ ఒక ఎర్ర టోపీ కొని నా గుండుమీద, గంధం ఆరకముందే, పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనను మేము చూడలేదు. ఎక్కడున్నాడో, చల్లగా ఉండాలి.

వారం పూర్తయ్యాక అవ్వే నన్ను చిత్తూరుకు తెచ్చింది. అమ్మ తలుపు తీసి నన్ను చూసింది. టోపీ తీసి, నా తలమీద చెయ్యి పెట్టి, అలాగే మెట్టుమీద కూలబడింది. అరవలేదు. "చెప్పింటే నేనే వచ్చుందును గదత్తా," అంది. ఆ ఒక్క మాట విన్నప్పుడు అవ్వ ముఖం ఎలా అయిందో నాకు ఇప్పటికీ కనపడుతుంది.

"సెప్తే మీవోళ్ళు జరగనీరని బయపడినా మ్మా," అంది.

ఆ ఇద్దరూ అక్కడితో ఏడ్చి ఊరుకునేవాళ్ళే. కానీ మా మామ బయటికొచ్చాడు. "మామ లేకుండా ఎట్ల తీయించినావు?" అని అడిగాడు. అవ్వకు లౌక్యం ఎక్కడిది? ఆయనకు ధైర్యం చెబుతున్నాననుకొని, "ఆ లోటు రానీలేదప్పా. ఒక మంచి మనిషి దొరికినాడు. ఆయప్ప ఒళ్ళోనే కూసోబెట్టినాను," అంది.

అయిపోయింది! "నేను బతికే ఉండాను గదా! నేనుండంగా నా కోడలికి ఇంకో మామను తెస్తావా నువ్వు?" అని మామ వీధంతా వినబడేలా అరిచాడు. ఆ టోపీ కాలువలోకి పోయింది. జున్ను డబ్బా మూత కూడా తీయకుండానే తిరిగి అవ్వ చేతికొచ్చింది. మామ తప్పు అనను. మా ఇళ్ళల్లో మామకు ఉన్న పెత్తనం అదొక్కటే. దాన్ని దారిన పోయేవాడికి ఇచ్చేస్తే ఎవరికైనా మండుతుంది. మర్నాడు మామ వకీలు దగ్గరికి పోయాడు. మామకు జరిగిన అవమానం అక్కడ వేరే భాషలోకి మారిపోయింది. తల్లి అనుమతి లేకుండా బిడ్డను వేరే ఊరికి తరలించి, ముక్కూ ముఖమూ తెలియని మగవాడి ఒళ్ళో కూర్చోబెట్టారని కాగితం తయారైంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒక్క అక్షరం నిజమూ లేదు.

అవ్వను బోనెక్కించారు. ఆ రోజు జరిగింది మా అమ్మే నాకు చాలాసార్లు చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మార్చేది కాదు.

"ఆ మనిషి ఎవరమ్మా?" అని అడిగాడు మా వైపు వకీలు.

"పాపకు మామ సామీ."

"పేరేమిటి?"

"అడగలే."

"ఏ ఊరు?"

"కార్వేటినగరం అన్నెట్టుండాది."

"ముందెప్పుడైనా చూశావా? తర్వాత చూశావా?"

"లేదు సామీ. ఆపొద్దుకే మామ."

కోర్టు హాలంతా నవ్వారట. అమ్మ మాత్రం నవ్వలేదట. తర్వాత నాయన తరఫు వకీలు లేచాడు. తల్లి పగలూ రాత్రీ ఫ్యాక్టరీలో ఉంటుంది, పిల్లను పట్టించుకునే దిక్కు లేదు అని చెప్పించాలని ఆయన అవ్వకు బయట బాగా నేర్పించి తెచ్చాడు. అడిగాడు. అవ్వ కాసేపు మా అమ్మ వైపే చూసిందట.

"ఆయమ్మ పనికి పోకుంటే పిల్లకు యాడినుంచి తెచ్చి పెడ్తాది సామీ? మావోడేమన్నా ఇస్తాండాడా? పిల్ల తల్లి కాడనే ఉండాల. మాకు సూసేకి ఇస్తే సాలు."

ఆ మాటతో మా నాయన కేసు ఓడిపోయాడు. సొంత తల్లి తనమీదే సాక్ష్యం చెప్పిందని ఆమెతో మాట్లాడటం మానేశాడు. మా వైపు వాళ్ళు ఏమైనా కరిగారా అంటే అదీ లేదు, గుండు సంగతి వాళ్ళకు మింగుడు పడలేదు. నిజం చెప్పి అవ్వ రెండు ఇళ్ళకూ కాకుండా పోయింది. తీర్పు వచ్చింది. నేను అమ్మ దగ్గరే ఉండాలి. నాయన మనోవర్తి కట్టాలి. ఇకమీద ఊరికి పంపడం లేదు, నెలలో రెండో శనివారం కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో ఒక గంట తండ్రి వచ్చి చూసుకోవచ్చు. తండ్రి అని రాశారు. అవ్వ అని ఎక్కడా లేదు.

నాయన కొన్నాళ్ళు వచ్చాడు. నాకేమో ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు, ఆయనకూ అంతే. ఇద్దరం గోడమీది పిల్లల బొమ్మలు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక రావడం మానేశాడు, డబ్బు కట్టడమూ మానేశాడు. అమ్మ మాత్రం నన్ను తీసుకుపోవాల్సిందే. ఆయన రాకపోతే ఏమీ కాదు గానీ ఈమె నన్ను తేకపోతే కోర్టు ధిక్కారమట. ఖాళీ గదిలో ఇద్దరం గంటసేపు కూర్చొని వచ్చేవాళ్ళం.

అవ్వ మాత్రం ప్రతి రెండో శనివారమూ వచ్చేది. గేటు దగ్గర బంట్రోతు ఆపేసేవాడు. "ఆర్డర్‌లో నీ పేరు లేదవ్వా. నేనేం చేసేది?" అనేవాడు. పోట్లాడేది కాదు. గేటు బయట టీ అంగడి పక్కన నేలమీద కూర్చునేది. గంట అయ్యాక మేము బయటికొస్తే లేచి నిలబడి, నా చేతిలో నిమ్మకాయ పెట్టేది. అమ్మ ఆపేది కాదు, ఆగేది కూడా కాదు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, కాస్త నెమ్మదిగా నడిచేది. ఆ కాస్త నెమ్మదే మా అమ్మ మా అవ్వకు ఇవ్వగలిగింది.

ఒకసారి అవ్వ ముఖం వెలిగిపోతోంది. నా తలమీది బిరుసు వెంట్రుకల్ని నిమిరి, "ఆ గేటుకాడాయప్ప సెప్పినాడు మ్మా. జుట్టు పెరిగినాక మీవోళ్ళ కోపం తగ్గుతాదంట. అప్పుడు పంపిస్తారంట. నూనె బాగా పెట్టుకో," అంది. ఆ బంట్రోతు జాలిపడి ఏదో నోటికొచ్చింది చెప్పాడు. మేమిద్దరం నమ్మాం. ఇంట్లో కొబ్బరినూనె సీసాలు నేనే ఖాళీ చేసేదాన్ని. అద్దం ముందు నిలబడి వెంట్రుకలు పట్టుకొని కిందికి లాగేదాన్ని. జుట్టు చెవుల దాకా వచ్చింది, భుజాల దాకా వచ్చింది. తండ్రి రావడం లేదు కాబట్టి ఇక పిల్లను తీసుకురానక్కర్లేదని మా వకీలు కోర్టులో చెప్పి ఒప్పించాడు. ఆ తర్వాత శనివారాలు లేవు. అవ్వ చాన్నాళ్ళు వచ్చి కూర్చునేదని, పెద్దయ్యాక ఆ టీ అంగడాయన చెప్పాడు.

అవ్వా తాతలు విడిగా అర్జీ పెట్టుకోవచ్చనీ, జడ్జికి సబబు అనిపిస్తే వాళ్ళకూ పిల్లను చూసే వీలు ఇస్తారనీ నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. అప్పట్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఎవరు వేస్తారు? కొడుకు వేయడు, మేము వేయం. ఇది చదివేవాళ్ళలో అలాంటి కేసు నడుపుతున్నవాళ్ళు ఉంటే ఒక్కటే అడుగుతున్నాను. మీ పిల్లను చూడాలని కాచుకొని ఉండే ముసలి ప్రాణాలు ఎన్ని ఉంటే అన్ని పేర్లూ ఆ కాగితంలో రాయించండి. మీ కోపాలు మీకు ఉండనీండి.

పద్దెనిమిదేళ్ళు నిండితే ఏ ఆర్డరూ అక్కర్లేదు. నిండగానే చిత్తూరులో బస్సెక్కాను, చేతిలో నిమ్మకాయ పట్టుకొని. ఘాటు ఎక్కుతుంటే అవ్వతో ఏమేం చెప్పాలో వరసగా అనుకుంటూ పోయాను. అవ్వ కొట్టం ముందర నులక మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది. ఇంత చిన్నదైపోయింది. అత్త నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాటలన్నీ మర్సిపోయింది మ్మా. ఎవుర్నీ గుర్తుపట్టేదిల్యా," అంది.

"నేనే అవ్వా. నీ మనవరాలిని," అన్నాను.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా పాపకు గుండు," అంది. "నువ్వెవురు?"

ఆ తర్వాత వీలైనప్పుడల్లా పోతూనే ఉన్నాను. పోయిన ప్రతిసారీ అదే మాట. మా పాపకు గుండు. కొండమీద వాళ్ళ మామ ఒళ్ళో కూసోబెట్టి తీయించినాను. ఒకసారి ఏడ్చేశాను. "ఎందుకు ఏడుస్తావు మ్మా, మీవోళ్ళు ఎవురన్నా పోయినారా?" అని తన కొంగుతోనే నా కళ్ళు తుడిచింది. ఇంత దగ్గరగా కూర్చున్నాను, ఇంత హక్కుగా కూర్చున్నాను, ఎవరూ ఆపలేదు. ఏం లాభం?

పోయిన నెలలో ఊరికి వెళ్ళినప్పుడు నా జడను ముందుకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నడుము కిందికి ఉంటుంది నా జడ, ఆ గుండు తర్వాత ఎప్పుడూ కత్తిరించలేదు. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకొని మొదలు నుంచి చివరిదాకా వేళ్ళతో నెమ్మదిగా తడిమింది. నిమ్మకాయ వాసన చూస్తున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎంత బాగుండాది మ్మా నీ జడ," అంది. "మా పాపకు గూడా ఈపాటికి ఇంతే పెరిగింటాది. ఇంగ పంపిస్తారు."

అలా అని నా జడను రెండు చేతుల్లోనూ పట్టుకొని, నా ముఖం చూడకుండా, చిత్తూరు బస్సు వచ్చే వైపుకు తిరిగి కూర్చుంది.